మైకెలాంజెలో: శిల్పియు, పౌరుడును

కళోపాసకునకు రాజ్యవ్యవహారములతో నేమి పని యని యడుగువారు నేటికిని గలరు. శిల్పి రాతిని జెక్కవలెను, చిత్రకారుడు రంగులు గలుపవలెను, ప్రభుత్వ మెవరిదైనను వారికి గలిగెడు లాభనష్టములు లేవని వీరి వాదము. ఈ వాదమును పరీక్షించుటకు ఇటలీ దేశపు మహాశిల్పి మైకెలాంజెలో జీవితమును మించిన నిదర్శనము మాకు గానరాదు. రోములోని సిస్టైను దేవాలయపు కప్పుమీద ఆతడు వ్రాసిన చిత్రములను పటములలోనైన జూడని విద్యావంతులు మనలో నరుదు. కాని ఆతడు ఉలిని ప్రక్కనుంచి తన నగరమునకు గోటగోడలు గట్టించిన సంగతి నెరిగినవారు కొలదిమంది.

మైకెలాంజెలో 1475 వ సంవత్సరము మార్చి 6 వ తేదీన కప్రేసె గ్రామమున జన్మించెను. తండ్రి ఫ్లారెన్సు నగరప్రభుత్వము పక్షమున నచ్చట నధికారిగా నుండెను. శిశువును సెట్టిన్యానో గ్రామమున నొక దాదికి పెంప నిచ్చిరి. ఆ గ్రామమువారు రాతిపనికి బ్రసిద్ధులు. ఉలియు సుత్తెయు దాదిపాలతోడనే తనకు నబ్బినవని ఆతడు హాస్యమాడుచుండెడివాడట. పదుమూడవయేట గిర్లండాయో యను చిత్రకారునికడ శిష్యుడయ్యెను. చేతిపని వంశగౌరవమునకు లోపమని తండ్రి యాతని గొట్టెనని చరిత్రకారులు వ్రాసిరి. అనతికాలముననే, కిరీటము లేకయే ఫ్లారెన్సు నేలుచుండిన లొరెంజో మెడిచీ యీ బాలుని ప్రతిభ గుర్తించి, తన యింటనే యుంచుకొని, తన బంతినే భోజనము పెట్టించెను. మైకెలాంజెలో జీవితమునందలి సంకటమంతయు నీ యుప్పుతోనే మొదలైనది.

1492 లో లొరెంజో మరణించెను. 1494 లో పౌరులు మెడిచీలను వెడలగొట్టి ప్రజారాజ్యమును స్థాపించిరి. ఆ ప్రజారాజ్యముననే, పూర్వశిల్పులు చెడగొట్టి విడిచిన యొక పెద్ద చలువరాయి 1501 లో మైకెలాంజెలో చేతికి వచ్చెను. మూడేండ్లలో అది పదునేడడుగుల డేవిడు విగ్రహమయ్యెను. వడిసెలతో మహాకాయుడగు శత్రువును గూల్చిన గొల్లబాలుని కథ యది. దాని నెచ్చట నిలుపవలెనని యాలోచించిన సభలో లియొనార్డో, బొత్తిచెల్లి వంటివారు గూర్చుండిరి. తుదకు ప్రభుత్వభవనము నెదుట నిలిపిరి. బలవంతులగు శత్రువులనడుమ నిలిచిన చిన్నరాజ్యము ఆ బాలునిలో దన్ను దాను చూచుకొనెను.

1512 లో విదేశసేనల యండతో మెడిచీలు మరల వచ్చిరి. ఆ వంశీయుడే 1523 లో ఏడవ క్లెమెంటు పోపయ్యెను. మైకెలాంజెలో వారి కొలువున వారి పూర్వుల సమాధిమందిరమును గట్టుచుండెను. 1527 లో చక్రవర్తి సైనికులు రోమును దోచుకొనగా, అదను జూచి ఫ్లారెన్సు మరల స్వతంత్రమయ్యెను. ఆ యేటి కల్లోలమున ప్రభుత్వభవనమునుండి విసరిన బల్ల తగిలి డేవిడు ఎడమచేయి విరిగెను. ఆ ముక్కలను దాచి పిమ్మట నతికించిరి.

పోపు తన్ను జెరపట్టిన చక్రవర్తితోనే సంధి చేసికొని, యాతని సేనలను తన జన్మనగరముమీదికి రప్పించెను. అన్నము పెట్టిన వంశ మొకవైపు, కన్నయూ రొకవైపు నిలిచినవి. 1529 ఏప్రిలులో నగరప్రభుత్వము కోటపనుల కధిపతిగా నియమింపగా మైకెలాంజెలో కాదనలేదు. నగరమునకు ఎగువనున్న సాన్ మినియాటో కొండ శత్రువునకు జిక్కినచో నగరము నిలువదని గ్రహించి దానిని బలపరచెను. ఆతడు గీసిన బురుజుల పటములు నేటికిని ఫ్లారెన్సున గలవు. పగలు కోటపని చేయుచునే రహస్యముగ మెడిచీల సమాధివిగ్రహములను జెక్కుచుండెనని వాసారి వ్రాసినాడు.

ఆతని లోపమును దాచుట మాకిష్టము లేదు. సేనాని మలతెస్తా నమ్మదగనివాడని యనుమానించి ప్రభుత్వమునకు విన్నవించెను. వారు పిరికివాడని పరిహసించిరి. సెప్టెంబరులో ఆతడు వెనిసునకు బారిపోయెను. నగరము ద్రోహిగా బ్రకటించెను. కాని నవంబరులో, అప్పటికే ముట్టడిలోనున్న నగరమునకు ఆతడు తనంతట దిరిగివచ్చెను. ఫిరంగిగుండ్లనుండి సాన్ మినియాటో గంటగోపురమును గాపాడుటకు దానిచుట్టును ఉన్నిబేళ్లు వ్రేలాడగట్టించెను.

ముట్టడి పదినెలలు సాగెను. ఆకలియు, రోగమును నగరమును బీడించెను. 1530 ఆగస్టు 3 న వీరుడగు ఫెరూచి గవినానా యుద్ధమున హతుడయ్యెను. మలతెస్తా శత్రువులతో గలసి ఫిరంగులను నగరమువైపు త్రిప్పెను. 12 వ తేదీన ఫ్లారెన్సు లొంగిపోయెను. శిల్పి యనుమానము నిజమయ్యెను.

ప్రజానాయకులు కొందరు శిరచ్ఛేదము నొందిరి. మైకెలాంజెలో దాగెను. సమాధిమందిరము క్రింద 1975 లో బయల్పడిన చిన్న గదిగోడలమీద బొగ్గుతో గీసిన బొమ్మలున్నవి. అవి యజ్ఞాతవాసమున నాతడు గీసినవేయని కొందరి యభిప్రాయము, కావని మరికొందరి వాదము. సమాధుల పని ముగింపవలెనను కోరికతో పోపు క్షమించెను. శిల్పి తలవంచి పనిలోనికి దిగెను. కాని నగరము నణచుటకు గట్టదలచిన కోటకు స్థలము చూపుమని కొత్త డ్యూకు అలెస్సాండ్రో కోరగా, పోడయ్యెను. 1534 లో రోమునకు బోయి, ప్రాణముండగా ఫ్లారెన్సున మరల నడుగిడలేదు.

అంతిమతీర్పు చిత్రమును, సెయింటు పీటరు దేవాలయపు గోపురమును ఆ ప్రవాసజీవితపు ఫలములే. 1537 లో అలెస్సాండ్రో బంధువుచేత హతుడైన పిమ్మట, సీజరును జంపిన బ్రూటసు శిరోవిగ్రహమును మైకెలాంజెలో చెక్కెను. 1544 లో, ఫ్లారెన్సును విముక్తము జేసినచో తన సొంత ధనముతో కంచు విగ్రహమును నగరమధ్యమున నిలిపెదనని ఫ్రాన్సురాజునకు వర్తమాన మంపెను. రాజు రాలేదు. 1564 ఫిబ్రవరి 18 న మైకెలాంజెలో రోమున మరణించెను. ఆతని మేనును సరకుమూటవలె గట్టి రహస్యముగ ఫ్లారెన్సునకు దెచ్చి, సాంతా క్రోచే దేవాలయమున సమాధి చేసిరి.

ఈతడు వీరుడు కాడు. భయపడెను, పారిపోయెను, జయించినవారి పనియు జేసెను. ఐనను ముట్టడిలోనున్న నగరమునకు దిరిగివచ్చెను. పారిపోయినందుకు నిందించువారు తిరిగివచ్చినందుకు మెచ్చుకొనవలదా? శిల్పికి నగరముతో బని లేదనువారు చూడవలసినది డేవిడు ఎడమచేతి యతుకులను. నగరము గాయపడినప్పుడు శిల్పమును గాయపడకుండ నుండలేదు.