ఎడమకు ఒరిగిన బల్ల

సిజేరియన్ కోసం వెన్నుకు మత్తు సూది వేసి పడుకోబెట్టిన కాసేపటికే చాలామంది తల్లులు ఒకే మాట అంటారు: "కడుపులో తిప్పుతోంది డాక్టర్." తిన్నది పడకపోవడం కాదది. బీపీ పడిపోతోంది. తల దగ్గర నిలబడ్డ మత్తు డాక్టరు మానిటరు చూడకముందే మందు సిరంజి మీద చెయ్యి వేసేది అందుకే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) లెక్కన తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. ఇంత ఎక్కువా అన్నది వేరే చర్చ. ఇన్ని ఇళ్లకు తెలిసిన ఆపరేషన్‌లో ఆ తొలి పది నిమిషాల సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ ఎవరూ చెప్పరు.

నడుము దగ్గర, వెన్నుపాము ముగిసిన చోటుకి కింద, సుమారు రెండు మిల్లీలీటర్ల బుపివకైన్ అనే మత్తు మందు ఎక్కిస్తారు. అది నొప్పి తెలిపే నరాలతో పాటు రక్తనాళాలను బిగించి ఉంచే నరాలనూ పనిచేయనివ్వదు. కాళ్లు వెచ్చబడతాయి, నాళాలు వదులై రక్తం కిందే నిలిచిపోతుంది. దానికి తోడు నెలలు నిండిన గర్భసంచి బరువొకటి. వెల్లకిలా పడుకుంటే అది వెన్నెముకకు కుడివైపున గుండెకు వెళ్లే పెద్ద సిర మీద పడుతుంది. పొలానికి నీళ్లు పారించే మెత్తటి పైపును కాలితో తొక్కినట్టే. మామూలప్పుడు వెన్ను వెంట ఉన్న పక్కదారి సిరల గుండా రక్తం పైకి చేరుతుంది, కాళ్ల నాళాలు బిగుసుకుని సర్దుకుంటాయి. మత్తు ఆ సర్దుబాటునే తీసేస్తుంది. గర్భసంచికి రక్తం అందడం తల్లి బీపీ మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి బిడ్డకూ లోటే.

అందుకే బల్లను ఎడమకు 15 డిగ్రీలు వంచడం. 1972లో ఇంగ్లండ్‌లో క్రాఫర్డ్ బృందం రాసిన పత్రం తర్వాత ఇది పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. కానీ 2015లో జపాన్ పరిశోధకులు గర్భిణులకు ఎంఆర్ఐ తీసి చూస్తే, 15 డిగ్రీల దగ్గర ఆ సిర ఏమీ తెరుచుకోలేదు. 30 డిగ్రీలకు గాని రక్తం నిండలేదు. సిరతో పాటు నలిగిపోతుందనుకున్న బృహద్ధమనికేమో వెల్లకిలా పడుకున్నా నొక్కుడు కనిపించలేదు. పోనీ 30కి వంచుదామా అంటే తల్లి జారిపోతుంది, కోసే డాక్టరుకు చెయ్యి ఆడదు. పైగా కంటి అంచనాతో 15 అనుకుని వంచేది చాలాసార్లు అంతకంటే తక్కువే ఉంటుంది.

2017లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు ఆరోగ్యంగా ఉన్న వందమంది తల్లులను రెండు జట్లు చేశారు: ఒక జట్టు వెల్లకిలా, ఇంకొకటి 15 డిగ్రీల వంపుతో. అందరికీ సెలైన్, బీపీని నిలబెట్టే ఫినైలెఫ్రిన్ ఇచ్చారు. వెల్లకిలా ఉన్నవారికి ఆ మందు ఎక్కువ పట్టింది, కానీ బిడ్డల రక్తంలోని ఆమ్లంలో తేడా లేదు. అంటే అసలు బరువు మోస్తున్నది బల్ల కాదు, మందు. అలాగని వంపు మానేయమనడం తొందరపాటే. ఆ అధ్యయనంలో ఉన్నది ఆరోగ్యవంతులు, పైగా మందు ఆగకుండా ఎక్కుతూనే ఉంది. అంత ఏర్పాటు లేని థియేటర్లో ఖర్చులేని వంపును వదులుకోవడం తెలివి కాదని నా అభిప్రాయం. 2018 అంతర్జాతీయ సిఫార్సులూ మందుతో పాటు వంపును ఉంచాయి. పైబీపీ మొదటున్న దాంట్లో 90 శాతానికి తగ్గకుండా చూడమన్నాయి. 120 ఉన్నామెకు 108 అన్నమాట.

బీపీ మందుగా దశాబ్దాల పాటు వాడిన ఎఫెడ్రిన్ ఇప్పుడు వెనకబడింది. అది మాయ దాటి బిడ్డ రక్తంలో ఆమ్లాన్ని పెంచుతుంది. ఫినైలెఫ్రిన్‌తో ఆ బెడద తక్కువ, కాకపోతే తల్లి గుండె నెమ్మదిస్తుంది.

బీపీ పడగానే తలవైపు బల్ల దించాలనిపించడం సహజం. ఇక్కడే జాగ్రత్త. సాధారణంగా వాడే బుపివకైన్‌లో డెక్స్ట్రోస్ కలిసి ఉంటుంది, వెన్ను నీటికంటే బరువు. తల దించితే అది ఛాతీ వైపు పారి, గుండె వేగాన్ని నిలబెట్టే నరాలనూ పట్టేస్తుంది. బీపీ ఇంకా పడుతుంది. కాబట్టి కాళ్లు మాత్రం ఎత్తి, తల కింద దిండు ఉంచుతారు. "నా వేళ్లు గట్టిగా పట్టుకోమ్మా" అని మధ్యమధ్య అడుగుతారు. పట్టు సడలితే మత్తు మందు మెడ దగ్గరి నరాలకు చేరుతోందని లెక్క, ఊపిరి మీద కన్నేసి ఉంచాలి.