పగలు పోలీసు కొలువు, రాత్రి పరుగు

సర్కారు ఉద్యోగం దొరికిన మరునాటినుంచే మన ఇళ్ళలో కుర్రవాడి ఆటలకు సెలవు చెప్పించడం పరిపాటి. "ఉద్యోగస్థుడివయ్యావు, ఇంకా ఈ గెంతులేమిటి?" అని పెద్దలు మందలిస్తారు. పోలీసు ఉద్యోగమైతే చెప్పనే అక్కరలేదు. వేళకు తిండి లేదు, వేళకు నిద్ర లేదు, పిలుపు వస్తే అర్ధరాత్రయినా పరుగెత్తవలసిందే. అటువంటి కొలువులో వుంటూ, పెళ్ళాం బిడ్డలతో సంసారం చేసుకొంటూ, ఒక పెద్దమనిషి ప్రపంచంలోకెల్లా గొప్ప పరుగుపందెం గెలిచాడంటే వినడానికి వింతగా వుంటుంది. ఆయన పేరు హొరేస్ యాషెన్‌ఫెల్టర్. 2018 జనవరి 6వ తేదీన, 94 ఏళ్ళ నిండు వయస్సులో కన్ను మూశాడు.

యాషెన్‌ఫెల్టర్ 1923 జనవరి 23న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టాడు. పెరిగినది పల్లెపట్టున, వ్యవసాయం చేసుకొనే ఇంట. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వైమానిక దళంలో పనిచేసి, యుద్ధం ముగిశాక పెన్సిల్వేనియా స్టేట్ కళాశాలలో చేరాడు. అప్పటికే ఈడు మీరినదని చెప్పాలి. తోటి విద్యార్థులు కొందరు ఆయనకంటె నాలుగైదేళ్ళు చిన్నవారు. అయినా 1949లో అమెరికా కళాశాలల పోటీలలో రెండు మైళ్ళ పరుగు గెలిచాడు.

చదువు ముగిసిన పిమ్మట ఎఫ్.బి.ఐ.లో ఉద్యోగం దొరికింది. ఇది అమెరికా కేంద్ర ప్రభుత్వపు నేరపరిశోధన శాఖ, మన సి.ఐ.డి. వంటిదనుకోవచ్చు. న్యూజెర్సీ రాష్ట్రంలో కాపురం పెట్టాడు. పగలంతా ఆఫీసు పని. ఆ రోజులలో ఒలింపిక్ క్రీడలలో పాల్గొనేవారు ఆటవలన డబ్బు సంపాదించరాదనే నిబంధన గట్టిగా అమలులో వుండేది. కాబట్టి పరుగెత్తినందుకు జీతమూ లేదు, బత్తెమూ లేదు. ఉద్యోగం వదిలితే ఇల్లు గడవదు. అందుచేత రాత్రివేళ, పనులన్నీ ముగించుకొని, ఇంటి దగ్గరి పార్కులో చీకటిలో పరుగెత్తి సాధన చేసేవాడు.

ఆయన ఎంచుకొన్న పందెం పేరు స్టీపుల్‌చేజ్. స్టీపుల్ అంటే చర్చి గోపురం. 1752లో ఐర్లండులో ఇద్దరు పెద్దమనుష్యులు ఒక ఊరి చర్చి గోపురంనుంచి మరొక ఊరి చర్చి గోపురందాకా, గోడలూ కాలువలూ దాటుకొంటూ గుర్రాలమీద పందెం వేసుకొన్నారట. గుర్రప్పందెంగా మొదలైన ఈ ఆట తరువాత మనుష్యుల పరుగుపందెమయింది. దూరం 3,000 మీటర్లు. 1954లో స్థిరపడిన నిబంధన ప్రకారం పరుగెత్తేవాడు 28 సార్లు కొయ్యదూలాలు, 7 సార్లు నీటిగుంట దాటాలి. దూలం ఎత్తు మూడడుగులు. మామూలు హర్డిల్స్ పందెంలో కాలు తగిలితే అడ్డుకర్ర పడిపోతుంది. ఇందులో దూలం కదలదు, తగిలినవాడే పడతాడు. బట్టలు, బూట్లు తడిసి బరువెక్కినా పరుగు ఆపరాదు. ఊపిరి ఎంత వుండాలో, ఒడుపు కూడా అంత వుండాలి.

1952లో ఫిన్లండు రాజధాని హెల్సింకీలో ఒలింపిక్ క్రీడలు జరిగాయి. యాషెన్‌ఫెల్టర్ అమెరికా ఎంపిక పందెంలో 9 నిమిషాల 6.4 సెకన్లలో గెలిచి అక్కడికి వెళ్ళాడు. తమ్ముడు బిల్ కూడా అదే పందెంలో పాల్గొన్నాడు. అయితే గెలుస్తాడని హొరేస్‌మీద ఆశ పెట్టుకొన్నవారు లేరు. ఈ పందెంలో ఆయనకు అనుభవం బహు కొద్ది. అందరి చూపూ సోవియట్ రష్యాకు చెందిన వ్లదిమీర్ కజాంత్సెవ్ మీదనే వుంది. ఆయన ఆ సంవత్సరమే 8 నిమిషాల 48.6 సెకన్లలో పరుగెత్తి వున్నాడు. అంత వేగంగా అంతకు ముందెవరూ ఆ దూరం ముగించలేదు.

అది ప్రచ్ఛన్న యుద్ధకాలమని చదువరులు జ్ఞాపకం చేసుకోవాలి. సోవియట్ రష్యా ఒలింపిక్ క్రీడలకు రావడం అదే మొదలు. వారి క్రీడాకారులకు బస సైతం వేరు. ఆ పరిస్థితిలో రష్యా వీరునికి పోటీగా ఎఫ్.బి.ఐ. ఉద్యోగి నిలవడం పత్రికలవారికి పండుగ అయింది.

మొదటి వడపోత పందెంలోనే యాషెన్‌ఫెల్టర్ 8 నిమిషాల 51 సెకన్లలో వచ్చాడు. అంటే స్వదేశంలో చేసినదానికంటె 15 సెకన్లకు పైగా తగ్గించాడన్నమాట. జులై 25న తుది పందెం. చాలా దూరం ఇద్దరూ దగ్గర దగ్గరగానే పరుగెత్తారు. చివరి చుట్టు మొదలు కాగానే కజాంత్సెవ్ ముందుకు దూసుకుపోయాడు. ఇక అయిపోయినట్టే అనుకొన్నారు చూసేవారు. కాని చివరి నీటిగుంట దగ్గర రష్యావాని అడుగు తడబడింది. యాషెన్‌ఫెల్టర్ శుభ్రంగా దాటి ముందుకు సాగిపోయాడు. గెలుపు గీత చేరేసరికి గడియారంలో 8 నిమిషాల 45.4 సెకన్లు. ఎంపిక పందెంకంటె 21 సెకన్లు తక్కువ! కజాంత్సెవ్ 8 నిమిషాల 51.6 సెకన్లతో రెండవవాడు, బ్రిటన్‌కు చెందిన జాన్ డిస్లే 8 నిమిషాల 51.8 సెకన్లతో మూడవవాడు.

"ఎఫ్.బి.ఐ. మనిషి రష్యావాణ్ణి వెంటాడడం చూశాం గాని, రష్యావాడు తనను వెంటాడుతూంటే వూరుకోవడం ఇప్పుడే చూస్తున్నాం" అనే భావంతో పత్రికలు హాస్యమాడాయి. ఆ హాస్యం చాలా ఏళ్ళు ఆయనను వదలలేదు. ఆ సంవత్సరమే అమెరికాలో ఉత్తమ క్రీడాకారునికిచ్చే సలివన్ బహుమతి కూడా ఆయనకే లభించింది. ఆ తరువాత 3,000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో మరొక అమెరికా పురుషుడు ఒలింపిక్ స్వర్ణం తేలేదు. 2016లోను, 2024లోను రజతందాకా వచ్చి ఆగిపోయారు.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు కూడా యాషెన్‌ఫెల్టర్ వెళ్ళాడు. ఈసారి తుది పందెందాకా రాలేకపోయాడు. కొన్నేళ్ళకు ఎఫ్.బి.ఐ. విడిచి లోహాల వ్యాపారంలో అమ్మకాల పని చూశాడు. భార్య లిలియన్‌తో, నలుగురు కొడుకులతో గ్లెన్ రిడ్జ్ అనే చిన్న ఊరిలో కాపురమున్నాడు. ఆ ఊరివారు ఏటేటా నవంబరు నెలలో వచ్చే వారి కృతజ్ఞతల పండుగనాటి ఉదయం ఆయన పేరిట 8 కిలోమీటర్ల పరుగు నడుపుతూ వచ్చారు. ఒక మనిషి పేరు చెప్పి ఊరు ఊరంతా పండుగపూట పరుగెత్తడంకంటె ఏ విగ్రహం ఎక్కువ?

ఈ కథ చెప్పేటప్పుడు మన దేశపు మరొక పోలీసు ఉద్యోగిని తలచుకోకపోతే దోషం. అదే హెల్సింకీలో, యాషెన్‌ఫెల్టర్ గెలుపుకు రెండు రోజుల ముందు, జులై 23న, మహారాష్ట్రలోని సతారా జిల్లా గోళేశ్వర్ గ్రామవాసి ఖాశాబా జాదవ్ కుస్తీలో కాంస్య పతకం గెలిచాడు. స్వతంత్ర భారతదేశానికి ఒక వ్యక్తి సాధించిన మొదటి ఒలింపిక్ పతకం అదే. ఆయన ప్రయాణానికి ఊరివారు చందాలు వేశారు. కళాశాల ప్రిన్సిపాలు తన ఇల్లు తాకట్టుపెట్టి డబ్బిచ్చాడు. తిరిగి వచ్చినప్పుడు ఎడ్లబండ్లతో ఊరేగించారు. 1955లో సబ్ ఇన్‌స్పెక్టరుగా పోలీసు శాఖలో చేరి, అసిస్టెంటు కమిషనరు హోదాలో విశ్రాంతి తీసుకొన్నాడు. 1984లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. పింఛను కోసం తిరగవలసి వచ్చిన ఆ వీరునికి అర్జున బిరుదు దక్కినది మరణానంతరమే. అటువంటి వ్యక్తిగత పతకం మన దేశానికి మళ్ళీ రావడానికి 1996దాకా, అంటే 44 ఏళ్ళు పట్టింది.

అక్కడ ఊరు పరుగెత్తి తలచుకొన్నది. ఇక్కడ శాఖలు, సంఘాలు మరచి కూర్చున్నవి. తేడా డబ్బులో లేదు. పేదవాళ్ళే జాదవ్‌కు చందాలు వేసినవారు. గెలిచిన దినాన పూలదండ వేసినంత సులువుగా, ఆ దండ వాడిపోయాక మనిషిని మరచిపోవడమే మన లోపం.

ఇప్పుడు అదే మహారాష్ట్రనుంచి, బీడ్ జిల్లా మాండ్వా గ్రామంనుంచి, సైన్యంలో ఉద్యోగం చేస్తూ అవినాశ్ సాబ్లే స్టీపుల్‌చేజ్ పరుగెత్తుతున్నాడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో స్వర్ణం తెచ్చాడు. 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఈ పందెం తుది పోటీ చేరిన మొదటి భారతీయ పురుషుడు ఆయనే. పుణ్యమా అని, కొలువూ పరుగూ కలసి నడవవచ్చునని ఆ కుర్రవాడు మళ్ళీ రుజువు చేశాడు.

మన కుటుంబాలలో పోలీసులో, రైల్వేలో, తపాలా శాఖలో పనిచేస్తూ సాయంత్రం మైదానానికి పోయే కుర్రవాళ్ళు, పిల్లలు వున్నారు. వారందరూ ఒలింపిక్ పతకాలు తేనక్కరలేదు. ఇంటికి ఆలస్యంగా వచ్చినప్పుడు అన్నం వేడిగా వుంచితే చాలును. ఉద్యోగం చేసి ఎంతోమంది రిటైరవుతారు. దానికి తోడు ఒక ఇష్టాన్ని నిలబెట్టుకొన్నవాని వార్ధక్యం ఎలా వుంటుందో గ్లెన్ రిడ్జ్‌లోని ఆ ముసలాయన చూపించి వెళ్ళాడు.