చెత్తబండి ఎన్నాళ్ళు మన్నుతుంది?

వారానికోసారి ఇంటి ముందుకొచ్చి, ఒక ఇనప చెయ్యి చాచి, డబ్బాని ఎత్తి బోర్లించుకుని వెళ్ళిపోయే బండిని మీరందరూ చూసే ఉంటారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే కిటికీ దగ్గర నిలబడి మరీ చూసి ఉంటారు. ఆ బండిని ఎవరు కొంటారు, ఏం చూసి కొంటారు అన్నది మాత్రం మనలో చాలామందికి పట్టదు. ఊరు కొన్నా, ప్రైవేటు కంపెనీ కొన్నా చివరికి తేలేది మన బిల్లులోనే. అమెరికాలో ఈ రోజుల్లో కొత్త బండి ధర సులువుగా 3 లక్షల డాలర్లు దాటుతుంది. సిటీ కౌన్సిల్ మీటింగులకి వెళ్ళేవాళ్ళు, కమిటీల్లో కూర్చునేవాళ్ళు ఇప్పుడు మనవాళ్ళలోనూ ఉన్నారు కనుక ఈ సంగతి కాస్త వివరంగా చూద్దాం.

ముందు ఒక లెక్క. పక్కనుంచి ఎత్తుకునే ఈ రకాన్ని ఆటోమేటెడ్ సైడ్ లోడర్ అంటారు. రోజుకి 1,000 డబ్బాలు ఎత్తుతుందనుకుందాం. ఏడాదికి 260 పనిదినాలు. అంటే ఏడాదికి 2,60,000 ఎత్తులు. ఏడేళ్ళకి 18 లక్షల పైచిలుకు. ఎత్తిన ప్రతిసారీ చెయ్యి చాచాలి, పట్టుకోవాలి, లేపాలి, కుదపాలి, దించాలి. కనుక ఈ బండి ఆయువు ఇంజనులో కన్నా ఆ చేతి కీళ్ళలో ఉంది. పిన్నులు, బుషింగులు, వాటికి వేళకి పెట్టే గ్రీజు: వినడానికి చప్పగా ఉంటుంది కానీ అసలు కథ అదే.

కారు కొనేటప్పుడు ఓడోమీటరు చూసే అలవాటు ఇక్కడ పనికిరాదు. రోజంతా తిరిగినా ఈ బండి నడిచే మైళ్ళు తక్కువ. ఇంజను తిరిగే గంటలు ఎక్కువ. ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజను హైడ్రాలిక్ పంపుని తిప్పుతూనే ఉండాలి. అందుకే గాలనుకి మూడు మైళ్ళు కూడా రావడం కష్టం. రోజుకి వెయ్యిసార్లు ఆగడం అంటే బ్రేకులకి ఏ గతి పడుతుందో ఊహించుకోండి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుతో పాటు రిటార్డర్ తీసుకుంటే బ్రేకుల మీద భారం తగ్గుతుంది. మొదట్లో పెట్టిన ఆ అదనపు డబ్బు దండగ కాదు.

ఇక పెట్టె సంగతి. చెత్తలో గాజుపెంకులు, ఇసుక ఉంటాయి. అవి నేలరేకుని గరగరా అరగదీస్తాయి. కుళ్ళిన తిండి నుంచి కారే రసంలో ఆమ్లాలు, ఉప్పు ఉంటాయి, అవి తినేస్తాయి. అందుకని చెత్త పడే తొట్టి అడుగుకి బ్రినెల్ కాఠిన్యం 400 దాటిన అరుగుదల తట్టుకునే ఉక్కు వాడతారు. అరిగాక విప్పి మార్చుకునే పలకలు ఉంటే ఇంకా మంచిది. మరైతే అంతటా మందపాటి ఉక్కే వెయ్యచ్చుగా అంటారేమో. అక్కడే చిక్కుంది.

ఇంటర్‌స్టేట్ రోడ్ల మీద ఒంటి ఇరుసుకి 20,000 పౌన్లు, జంట ఇరుసులకి 34,000 పౌన్లు మించరాదని కేంద్ర నియమం. మూడిరుసుల బండికి మొత్తం 54,000. ఖాళీ బండే 35,000 పౌన్లు ఉందనుకోండి. చెత్తకి మిగిలింది 19,000. ఇంటికి 30 పౌన్ల చొప్పున 800 ఇళ్ళుంటే 24,000 పౌన్లు. అంటే రెండుసార్లు డంపుకి వెళ్ళక తప్పదు. మీరు చేర్చిన ప్రతి పౌను ఉక్కూ ఒక పౌను చెత్తని తగ్గిస్తుంది. డంపు పదిమైళ్ళలో ఉంటే బరువైన బండి ఫరవాలేదు, నలభైమైళ్ళలో ఉంటే లెక్క మారిపోతుంది. బరువు మించి నింపుతూ పోతే ఇరుసులు, స్ప్రింగులు, టైర్లు ముందే పోతాయి. కాబట్టి రూటు చూడకుండా ఏది మంచి బండి అని అడిగితే జవాబు లేదు.

డీజిలా, గ్యాసా? అమెరికాలో 2007 నుంచి వచ్చిన ఉద్గార నియమాల వల్ల డీజిలు ఇంజన్లకి మసిని పట్టే ఫిల్టర్లు తప్పనిసరి అయ్యాయి. పట్టిన మసి కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి. హైవే మీద పోయే ట్రక్కుకి అది దానంతటదే జరుగుతుంది. ఇంటింటికీ ఆగే బండికి ఆ వేడి రాదు. అదనంగా ఇంధనం కాల్చి 600 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చెయ్యాలి. అది కుదరకపోతే ఫిల్టరు మూసుకుపోయి బండి షెడ్డులో కూర్చుంటుంది. సహజవాయువు ఇంజనుకి ఈ ఫిల్టరు గొడవ లేదు. దానికి బదులు స్పార్క్ ప్లగ్గులు మార్చాలి. మూడేళ్ళకో 36,000 మైళ్ళకో, ఏది ముందైతే అప్పుడు, ట్యాంకుల్ని తనిఖీ చేయించాలి. ట్యాంకులకి గడువు తేదీ కూడా ఉంటుంది. ఊళ్ళో గ్యాసు నింపే చోటుంటే నా ఓటు గ్యాసుకే. విద్యుత్ బండి చప్పుడు లేకుండా పోతుంది, చిన్న రూట్లకి బాగానే ఉంది. కానీ న్యూయార్క్‌లో చెత్తబండ్లే మంచునీ తోస్తాయి. అక్కడ విద్యుత్ బండ్లు నాలుగు గంటలకే చాలించాయని 2022లో అధికారులే చెప్పారు.

మన వృత్తివాళ్ళకి వెంటనే అర్థమయ్యే విషయం ఇంకొకటుంది. ఇక్కడ చాసిస్ ఒకరిది, పెట్టె ఇంకొకరిది. మ్యాక్, పీటర్‌బిల్ట్, ఆటోకార్ వంటివారు చాసిస్ చేస్తే, హైల్, మెక్‌నీలస్, లాబ్రీ వంటివారు పెట్టె బిగిస్తారు. ఇంజను సమాచారం జె1939 అనే వైరు దారిలో వస్తుంది, పెట్టె కంట్రోలరు దాన్ని చదువుకుంటుంది. ఏదైనా తేడా వస్తే ఇద్దరూ ఒకరివైపు ఒకరు వేలు చూపిస్తారు. ఎక్కడో విన్నట్టుంది కదూ! వారంటీ విషయంలో ఎవరు ముందు వచ్చి చూస్తారో కాంట్రాక్టులోనే రాయించుకోవాలి.

సెన్సార్లది ఇంకో తంటా. చెయ్యి ముడుచుకుందో లేదో, వెనక తలుపు మూసుందో లేదో చెప్పే స్విచ్చులు తడికీ మురికికీ పాడవుతాయి. విసుగొచ్చి వైరు కలిపేసి వాటిని నోరుమూయిస్తారు. ఫెయిలయ్యే టెస్టుని కామెంట్ చేసేసినట్టే, కాకపోతే ఇక్కడ పోయేది ప్రాణం. 1968 ఫిబ్రవరి 1న మెంఫిస్‌లో ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు పారిశుధ్య కార్మికులు వానకి బండి వెనకభాగంలో తలదాచుకున్నారు. యంత్రం లోపం వల్ల దానంతటదే కదిలి ఇద్దర్నీ నలిపేసింది. పాత బండ్ల గురించి కార్మికులు అంతకుముందే మొరపెట్టుకుని ఉన్నారు. ఆ నెల 12న సమ్మె మొదలైంది. దానికి మద్దతుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న అదే ఊళ్ళో హత్యకి గురయ్యారు. చెత్త సేకరణ నేటికీ అమెరికాలో ప్రాణాపాయం ఎక్కువున్న మొదటి పది వృత్తుల్లో ఒకటి. టెండరులో ఏఎన్ఎస్ఐ జడ్245.1 భద్రతా ప్రమాణం పేరు ఉందో లేదో చూడండి. ఏళ్ళు గడిచాక ఆ స్విచ్చులు దొరుకుతాయా, మార్చడానికి ఎంతసేపు పడుతుందనేది కూడా అడగండి.

డెమో ఇస్తామని అమ్మేవాళ్ళు వస్తారు. ఖాళీ పార్కింగ్ లాటులో చూపిస్తే ఒప్పుకోవద్దు. ఊళ్ళో అన్నిటికన్నా ఇరుకైన రూటులో, వాన పడ్డ మర్నాడు, చెత్త తడిసి బరువెక్కినప్పుడు తిప్పమనండి. తర్వాత మేనేజరుని కాదు, మెకానిక్‌ని పిలిచి గ్రీజు పెట్టాల్సిన చోట్లన్నీ నేలమీద నిలబడే అందుతున్నాయా అని అడగండి. నిచ్చెన వెయ్యాలంటే ఆ చోటు ఎండిపోతుంది.