మీకు తెలుసా? మంచానికో కర్ర, గుమ్మానికో కర్ర

భిలాయిలోని కోహ్కాలో వడ్రంగి చేత మంచమో, బీరువానో చేయించుకోవాలనుకుంటే తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేది టేకే. కానీ ఛత్తీస్‌గఢ్ అడవుల్లో టేకుతో పాటు ఇంకా ఎన్నో గట్టి కర్రలున్నాయి. దేన్ని ఎక్కడ వాడాలో తెలిస్తే డబ్బు మిగులుతుంది, చేయించిన వస్తువూ తరాలు నిలుస్తుంది.

● సాల: ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం ఇదే. ఇక్కడివారు సరయి అంటారు, మనకు గుగ్గిలం చెట్టు. భిలాయి ఉక్కు కర్మాగారం రైలు పట్టాలు తయారు చేస్తోంది కదా! ఒకప్పుడు పట్టాల కింద స్లీపర్లుగా వేసిన కర్రల్లో సాల ముఖ్యమైనది. ఘనపుటడుగు టేకు సుమారు 18 కిలోలుంటే, సాల 24 కిలోల దాకా తూగుతుంది. అంత బలం ఉన్నా ఆరేటప్పుడు పగులుతుంది, మెలి తిరుగుతుంది. గుమ్మాలకు, దూలాలకు సాల మేలు. బీరువా తలుపులకు వద్దు.

● టేకు: హైదరాబాద్‌లో గొప్పగా చెప్పుకునే బల్లార్షా టేకు మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాది. కలప వ్యాపారులు సీపీ టేకు అనేది పాత సెంట్రల్ ప్రావిన్సెస్ అడవుల కర్రను. దుర్గ్ జిల్లా కూడా అప్పట్లో ఆ ప్రావిన్సెస్‌లోదే. టేకు ఆరినా పెద్దగా కుంచించుకుపోదు, చేవలోని సహజమైన నూనె చెదను దరిచేరనివ్వదు. అందుకే మంచాలకు, బీరువాలకు దీన్ని మించింది లేదు. అయితే ఈ గుణమంతా చేవదే. అంచున పాలిపోయినట్టుండే తెల్ల భాగాన్ని పురుగు తినేస్తుంది. పలకను రెండు వైపులా తిప్పి చూడనిదే కొనకండి.

● బీజా: మన వేగిస. దీని చెక్కను నీళ్లలో నానబెడితే నీటికి రంగు వచ్చి, వెలుతురులో నీలిఛాయ మెరుస్తుంది. బల్లలకు, కుర్చీలకు దిట్టమైన కర్ర. తడి తగిలితే పసుపు మరక దిగుతుంది కాబట్టి నీళ్లు పడే చోట వాడకూడదు.

● హల్దూ: లేత పసుపు రంగులో, నునుపుగా ఉంటుంది. చెక్కుడు పనికి, తరిమెన పట్టిన మంచం కోళ్లకు బాగా ఒదుగుతుంది.

● తేమ: కర్ర పొడవులో దాదాపు మారదు, వెడల్పులోనే ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. వానాకాలంలో బిగుసుకున్న సొరుగు భిలాయి ఎండలకు వదులయ్యేది ఇందుకే. కర్రలో తేమ 8 నుంచి 12 శాతానికి దిగాకే వస్తువు చేయించాలి. తేమ మీటరు ఆనిస్తే క్షణాల్లో తెలిసిపోతుంది.

టేకు, సాల లాంటి అడవి కలప తరలించాలంటే అటవీ శాఖ అనుమతి పత్రం ఉండాలి. కాస్త చవగ్గా వస్తుందని బిల్లు లేని కర్ర కొంటే దొంగ నరుకుడుకు మనమే ఊతమిచ్చినట్టు. బిల్లు అడిగి తీసుకోండి, చేవ చూసి కొనండి, బాగా ఆరాకే వస్తువు చేయించండి.