గిటార్ స్ట్రింగ్స్: గొడవంతా ప్యాకెట్ దగ్గరే!

ఏ స్ట్రింగ్స్ మంచివని ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాళ్లని అడిగి చూడండి. సౌండ్ సంగతి తర్వాత, ముందు ప్యాకెట్ దగ్గరే గొడవ!

ఎర్నీ బాల్ వాళ్లు ఒక్కో స్ట్రింగ్‌నీ ఒక్కో కాగితం కవర్‌లో పెడతారు. ఏది ఏదో కవర్ మీదే ఉంటుంది. డాడారియో వాళ్లు ఆ కవర్లు తీసేసి, స్ట్రింగ్ చివరుండే చిన్న బాల్‌కి రంగులిచ్చారు: ఎరుపంటే ఏ, ఆకుపచ్చంటే జీ. చెత్త తక్కువని కొందరికి ఇదే ఇష్టం. స్టేజ్ మీద మసక వెలుతురులో రంగులేం కనిపిస్తాయి, కవర్లే నయం అంటారు ఇంకొందరు.

నన్నడిగితే అసలు సంగతి కవరూ కాదు, రంగూ కాదు, తేమ. స్ట్రింగ్ లోపల ఉండేది స్టీలే. సన్నని మూడింటికైతే పైన చుట్టిన తీగ కూడా ఉండదు. తేమ తగిలితే తుప్పే. అందుకే ఇద్దరూ సీల్ చేసిన ప్యాకింగ్ వాడుతున్నారు. ఆ సీల్ చించారా, రక్షణ అక్కడితో సరి. వైజాగ్ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఇది మరీ ముఖ్యం.

కాబట్టి కొత్త సెట్ కదా అని ముందే విప్పి పెట్టుకోకండి, మార్చే రోజే చించండి. తెగిన ఒక్కదాని కోసం చించాల్సొస్తే, మిగతా ఐదింటినీ జిప్ కవర్‌లో వేసి, గాలి నొక్కేసి దాచండి. డబ్బులు పెట్టి కొన్నవి గిటార్ ఎక్కకముందే పాడైపోకూడదు కదా!