మరకకూ ఒక కారణం ఉండాలి

రిమోట్‌తో నడిచే స్కేల్ మోడల్ ట్యాంకు డబ్బాలోంచి తీసిన రోజున బ్రహ్మాండంగా కనిపిస్తుంది. పది రోజులు తిరిగేసరికి అది ఆటబొమ్మేనని కన్ను పట్టేస్తుంది. రంగు మరీ నున్నగా ఉంటుంది, ప్లాస్టిక్ మెరుస్తుంటుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని దానికి ఏదో ఒకటి తగిలించడం: ఇంకో యాంటెన్నా, వెనక రెండు డబ్బాలు, పైన ఒక సైనికుడు. తీరా చూస్తే సామాన్లు మోస్తున్న ఆటబొమ్మ తయారవుతుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వైపు కాపురముంటూ సినిమాలకు సెట్లు వేసే పనివాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. రాత్రికి రాత్రి ప్లైవుడ్డుతో లేపిన గోడను పొద్దుటి షూటింగుకు నూరేళ్ల గోడగా చూపించే పనిని ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో ఏజింగ్ అంటారు. ఆ పనిలో గోడకు కొత్తగా తగిలించేది దాదాపు ఏమీ ఉండదు. వాననీరు ఎక్కణ్ణుంచి కారుతుంది, వచ్చేపోయేవాళ్ల చెయ్యి ఎక్కడ ఆనుతుంది, దీపం పొగ ఎంతవరకు పాకుతుంది అని చూసుకుని, ఆయా చోట్ల రంగు మారుస్తారు. ట్యాంకు మోడల్‌ను నమ్మించేదీ ఈ పద్ధతేనని నా వాదన. ప్రతి వివరం వెనకా ఒక కారణం కనపడాలి. కారణం లేని వివరం ఎంత పనితనంతో చేసినా అతికించినట్టే ఉంటుంది.

అన్నిటికంటే ముందు బరువు సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే రంగు పని ఎంత బాగున్నా తేలిగ్గా ఎగిరిపడే ట్యాంకును ఎవరూ నమ్మరు. ఈ మోడళ్లలో స్కేల్ అనేది పవిత్రమైన అంకె ఏమీ కాదు. జపాన్ కంపెనీ టమియా 1960ల మొదట్లో జర్మన్ పాంథర్ ట్యాంకు కిట్ చేసినప్పుడు లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత సైజు చూసుకుంది. అలా కుదిరిన 1/35 తర్వాత లోకమంతటా ట్యాంకు కిట్ల కొలత అయి కూర్చుంది. రిమోట్‌తో నడిచేవాటిలో ఎక్కువగా కనిపించేది 1/16. చెన్నై పక్కన ఆవడి ఫ్యాక్టరీలో ‘అజేయ’ పేరుతో తయారైన టి-72ను తీసుకుందాం. వెడల్పు మూడున్నర మీటర్ల పైచిలుకు, 1/16లో అది 22 సెంటీమీటర్లు. కానీ కొలత పదహారో వంతుకు తగ్గితే బరువు పదహారో వంతుకు తగ్గి ఊరుకోదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గాయి కాబట్టి బరువు 4096వ వంతుకు పడిపోతుంది. అసలు ట్యాంకు 41 టన్నులు అనుకుంటే మోడల్ 10 కిలోలు తూగాలి. ప్లాస్టిక్ మోడల్ అందులో సగం కూడా తూగదు. అందుకే దారిలో గులకరాయి వస్తే అసలుది దాన్ని నేలలోకి నొక్కేసి పోతుంది, మోడల్ దాని మీద గెంతుతుంది. లోహపు చైన్లు వేసి, అడుగున ఇనుప పలకలు అమర్చడం సూటిదారి. ఆ బరువుకు ప్లాస్టిక్ గేర్ల పళ్లు ఊడతాయి గనుక గేర్‌బాక్స్ కూడా లోహానిదే కావాలి. లోహపు చైన్లతో ఇంకో లాభం ఉంది: తమ బరువుకు తామే వేలాడతాయి. పాత టి-55లో చైను పైభాగాన్ని మోసే చిన్న చక్రాలు అసలు ఉండవు, చైను వదులుగా పెద్ద చక్రాల మీదే పడుకుంటుంది. ప్లాస్టిక్ చైను రబ్బరు బ్యాండులా బిగిసి ఉంటే, మిగతాదంతా ఎంత చక్కగా చేసినా దండగే.

బరువు తర్వాత కదలిక. ఇక్కడ సినిమావాళ్ల లెక్క పనికొస్తుంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ ‘మాయాబజార్’ (1957)లో చూపించిన ద్వారకా నగరం మద్రాసు స్టూడియోలో కట్టిన మినియేచర్. గోఖలే, కళాధర్ కళాదర్శకులు. దాన్ని నగరమని ఇప్పటికీ నమ్ముతున్నామంటే చాలావరకు వెలుతురు వేసిన తీరు వల్లే. నగరం నడవదు కాబట్టి వెలుతురు కుదిరితే సరిపోయింది. కదిలే మినియేచర్‌కు ఆ సౌకర్యం లేదు. గురుత్వాకర్షణ బొమ్మకు కూడా అంతే ఉంటుంది, దాన్ని పదహారో వంతుకు తగ్గించలేం. గతుకు మీద అసలు ట్యాంకు ఒకసారి ఊగి నిలబడే సమయంలో 1/16 మోడల్ నాలుగుసార్లు ఊగుతుంది, ఎందుకంటే 16కు వర్గమూలం 4. ఆ వణుకే దాన్ని బొమ్మ అని పట్టిస్తుంది. సినిమాలో దీనికి విరుగుడు ఉంది: సెకనుకు 24 ఫ్రేములకు బదులు 96 ఫ్రేములతో తీసి, మామూలు వేగంతో చూపిస్తే ఊపు నాలుగింతలు నిదానిస్తుంది. దీన్నిబట్టి మోడల్‌కు రెండు సరైన వేగాలున్నాయని తేలుతుంది, చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. గంటకు 60 కిలోమీటర్లు పోయే ట్యాంకు మోడల్ కంటి ముందు గంటకు 3.75 కిలోమీటర్లు పోతే చాలు, మనిషి నింపాదిగా నడిచే వేగం. అదే 96 ఫ్రేముల కెమెరా ముందైతే 15 కిలోమీటర్ల వేగంతో ఉరకాలి. కంటితో చూసేవాడికి ఫ్రేముల సాయం లేదు కాబట్టి స్ప్రింగులు మెత్తగా, బరువు కిందికి, బయలుదేరడం ఆగడం నెమ్మదిగా ఉండేలా చూసుకోవాలి. రిమోట్ పుల్ల నొక్కగానే తూటాలా దూసుకుపోవడం షాపువాడికి మంచి ప్రచారం. అంత బరువున్న యంత్రం మాత్రం అలా కదలదు.

ఇప్పుడు రంగుల దగ్గరికి వద్దాం. కొత్తవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా వాడేసేది తుప్పు. ఆర్మీ చేతిలో రోజూ తిరిగే ట్యాంకు కవచం మీద దళసరిగా తుప్పు పట్టదు, పట్టనివ్వరు. చైన్ల మీద పడుతుంది, అదీ పలచగా, మట్టిలో కలిసిపోయిన గోధుమ రంగులో. అదే చైనులో నేలను రాసుకునే అంచులు, చక్రాల మధ్య నడిచే కొమ్ముల పక్కలు, పళ్లచక్రం పళ్లు నిత్యం రాపిడిలో ఉంటాయి కాబట్టి అక్కడ ఉక్కు మెరవాలి. చక్రాల చుట్టూ ఉన్నది రబ్బరు, దానికి తుప్పు వేసిన మోడళ్లు కూడా ప్రదర్శనల్లో కనిపిస్తాయి! పొగగొట్టం వేడికి రంగు కాలి నిజంగానే తుప్పెక్కుతుంది. టి-72లో అది వెనకవైపు ఎడమ పక్కన ఉంటుంది గనుక మసి ఆ పక్కనే పేరుకుంటుంది, రెండు పక్కలా వేస్తే తప్పు. రంగు రాలేది మనుషుల కాళ్లూ చేతులూ తగిలేచోట: మూతల అంచులు, ఎక్కే మెట్లు, పట్టుకునే కమ్మీలు. డీజిల్ పోసే మూత చుట్టూ చెమ్మలా నల్లటి మెరుపు, దాని మీద దుమ్ము అంటుకుని ఏర్పడే చిక్కటి మరక. టరెట్, అంటే తుపాకీతో కలిసి గుండ్రంగా తిరిగే పైభాగం, టి-72లో పోతపోసిన ఉక్కు. దానికి గరుకుదనం కావాలి, చిక్కటి రంగును గట్టి కుంచెతో పొడిచి తెప్పించవచ్చు. అర్జున్ ట్యాంకుకు ఆ గరుకు పనికిరాదు. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ తయారుచేసిన కంచన్ కవచం పొరలు పొరలుగా పేర్చినది, కాబట్టి దాని టరెట్ చదును ముఖాలతో ఉంటుంది. అక్కడ కావాల్సింది పలకల అతుకుల దగ్గర వెల్డింగు గీత. ఎం-సీల్‌ను సన్నటి నూలుపోగులా చుట్టి అతుకులో నొక్కి, సూదితో వరుసగా గాట్లు పెడితే ఆ గీత వస్తుంది.

ఇదంతా ఒక ట్యాంకుకే పనికొచ్చే చిట్టా కాదని హైదరాబాద్‌కు దగ్గర్లోనే తయారయ్యే బండిని చూస్తే తెలుస్తుంది. ఎర్రగడ్డ మీదుగా పోయే ముంబయి రోడ్డు పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు సాగుతుంది. ఆ సంగారెడ్డి జిల్లాలోని ఎద్దుమైలారంలోనే ఆయుధ కర్మాగారం ఉంది. మెదక్ నుంచి జిల్లా విడిపోయినా పేరు మెదక్ ఫ్యాక్టరీగానే మిగిలింది. 1980ల నుంచి అక్కడ బీఎంపీ-2 బళ్లు సారథ్ పేరుతో తయారవుతున్నాయి. చూసినవాళ్లంతా దాన్ని ట్యాంకు అనే అంటారు గానీ, పద్ధతిగా చెప్పాలంటే అది సైనికుల్ని లోపల కూర్చోబెట్టుకుని పోయే పోరాట వాహనం. ఇంజిన్ ముందుభాగంలో కుడివైపు ఉంటుంది, కాబట్టి మసి టి-72కు పడే చోట పడదు, ముందువైపు కుడి పక్కన పైన పడుతుంది. చైనును లాగే పళ్లచక్రం కూడా ముందే. పైగా ఇది నీళ్ల మీద తేలుతుంది. వాగు దాటి వచ్చిన బీఎంపీకి ఒళ్లంతా చుట్టూ ఒక నీటిగీత ఉంటుంది, గీత కింద బురద కడుక్కుపోయి, పైన పాత దుమ్ము అలాగే నిలిచి. అదే గీతను నీళ్ల మీద తేలని టి-72 మీద గీస్తే తెలిసినవాడు నవ్వుతాడు. మరక అదే, కుంచె అదే, కారణం లేదు.

దుమ్ము విషయంలో మన దగ్గర దొరికే సరుకు మేలైనది. మోడల్ షాపులు అమ్మే పొడులు ఎక్కువగా ఐరోపా యుద్ధభూముల మట్టిరంగుల్లో ఉంటాయి. ఎద్దుమైలారం బండికి చల్కా నేలల ఎర్రమట్టి గానీ, నల్లరేగడి గానీ అంటాలి. అలాగని పెరట్లోంచి పిడికెడు తెచ్చి చల్లితే కుదరదు. మిల్లీమీటరు ఇసుకరేణువు 1/16 లోకంలో 16 మిల్లీమీటర్ల కంకరరాయి. ఆయుర్వేదం మందుల పొడికి చేసినట్టు మట్టిని ఎండబెట్టి, నూరి, వస్త్రగాళితం పట్టాలి. పలచటి గుడ్డలోంచి దిగిన ఆ పొడిని మెరుపులేని వార్నిష్ మీద మెత్తటి కుంచెతో అద్ది, ఎక్కువైనదాన్ని ఊదేసి, మళ్లీ ఒక పూత వేస్తే అది గేర్లలోకి రాలదు. వాడే రంగులు కూడా అసలుకంటే ఒక పిసరు వెలిసినట్టు ఉండాలి. దూరాన ఉన్న పెద్ద వస్తువు రంగు గాలిలో పలచబడి కంటికి చేరుతుంది, చేతికందే మోడల్‌కు ఆ గాలి మధ్యలో ఉండదు.

వివరాలు ఎన్ని ఎక్కువైతే అంత నిజం కదా అనేవాళ్లకు గట్టి సాక్ష్యమే ఉంది. 1977 నాటి ‘స్టార్ వార్స్’ సినిమాకు అంతరిక్ష నౌకలు చేసినవాళ్లు బజారులో దొరికే ప్లాస్టిక్ కిట్లు కొని, ట్యాంకు కిట్లు కూడా, వాటి ముక్కల్ని నౌకల ఒంటినిండా అతికించారు. ఏ ముక్క ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు, అయినా నౌక కొండంత కనిపించింది. ఒప్పుకోవాల్సిందే. కానీ అలాంటి అంతరిక్ష నౌకను ఎవరూ చూడలేదు, అందులో ఏ గొట్టం ఎందుకుందో అడిగేవాడు లేడు. ట్యాంకును రిపబ్లిక్ డే కవాతులో దేశమంతా చూస్తుంది. పేరు చెప్పలేకపోయినా, ఎక్కడో తేడా ఉందని మామూలు కన్ను కూడా పసిగడుతుంది. ఇంకో సంగతి, ఆ నౌకలను కూడా మసి, గీతలు, వాడిన గుర్తులతో ముసలివి చేశాకే తెరకెక్కించారు.

తిరిగే బండి కాబట్టి సున్నితమైన పని నిలవదన్నది రెండో అభ్యంతరం, ఇందులో సగం నిజముంది. దీనికి జవాబు తీగలో ఉంది. అచ్చులోనే కలిసిపోయి వచ్చే ప్లాస్టిక్ పిడి మొద్దుగా ఉంటుంది, తగిలితే పుటుక్కున విరుగుతుంది. 16 మిల్లీమీటర్ల అసలు కమ్మీకి ఒక మిల్లీమీటరు రాగితీగ లెక్కకు సరిగ్గా సరిపోతుంది, వంగినా మళ్లీ వేలితో సరిచేసుకోవచ్చు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత కరెంటు సామాను మధ్య ఇలాంటి తీగకు కొదవ ఉండదు. లాగుడు తాడుకు సన్నతీగలు పేనినది చాలు. ఊడిపోయే సామాన్లను జిగురుతో కాకుండా చిన్న మేకులతో గుచ్చితే దెబ్బ తగిలినప్పుడు విరగకుండా ఊడొస్తాయి. నిజానికి నడిచే మోడల్‌కు అల్మరాలో ఉండే మోడల్‌కు లేని సదుపాయం ఒకటుంది: చైన్లకు రంగు వేసి గంటసేపు గరుకు నేల మీద తిప్పితే, రాపిడి మెరుపు పడాల్సిన చోటే పడుతుంది.

గ్రాఫిక్స్ వచ్చాక ఈ తంటా ఎవరికి కావాలన్నది ఫిల్మ్‌నగర్‌లో సహజంగా వచ్చే ప్రశ్న. రాజమౌళి ‘ఈగ’ (2012)కు హైదరాబాద్‌లోని మకుట సంస్థ గ్రాఫిక్స్ చేసింది. ఈగ కంటికి మన ఇల్లు ఎంత పెద్దదో, మన దుమ్ము ఎంత ముతకో లెక్క కుదరకపోతే ఆ సినిమా నిలబడేది కాదు. కంప్యూటర్‌లో ట్యాంకు చేసినా మసి ఎటు పడుతుందో కంప్యూటర్ చెప్పదు, చేసే మనిషికే తెలియాలి. పనిముట్టు మారింది, ఆలోచించాల్సింది మారలేదు.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే ప్రశ్న కొండపల్లి బొమ్మలది. అక్కడి అంబారీ ఏనుగుకు బురద ఉండదు, ముడతలు ఉండవు, తెల్లపొణికి కర్ర మీద నిగనిగలాడే రంగు. అయినా దాన్ని చూసి ఇది నిజం ఏనుగులా లేదని ఎవరూ పెదవి విరవరు. మరి ట్యాంకు బొమ్మ ఎందుకు నిజంలా ఉండాలి? ఉండక్కర్లేదు, అది కొండపల్లి బొమ్మలా తన పద్ధతిలో తానుంటే. ఎర్ర రంగు పూసిన చెక్క ట్యాంకుతో పిల్లవాడు రోజంతా ఆడుకుంటాడు, దాని స్కేల్ అడగడు. రిమోట్ మోడల్ మాత్రం టరెట్ తిప్పుతుంది, ఇంజిన్ చప్పుడు చేస్తుంది, తుపాకీ పేల్చి వెనక్కి తూలుతుంది. ఇన్ని విధాలుగా నేను అసలుదాన్నే అని చెప్పుకుంటూ, రెండు పక్కలా సమానంగా మసి పూసుకుని వస్తే చూసేవాడు పట్టుకుని నిలదీస్తాడు.