బస్సు ఆగినంతసేపూ ఖర్చే

పట్నం పెరిగి రోడ్లు చాలకపోతే మనకి వెంటనే తోచేవి రెండే: ఫ్లైఓవరు, మెట్రో రైలు. బ్రెజిల్‌లోని కురిటిబా నగరానికి నేల తొలిచి రైలు వేసేంత డబ్బు లేదు. 1971లో అక్కడ మేయరైన జైమే లెర్నర్ ఆర్కిటెక్టు. రైలు చేసే పని బస్సుతోనే చేయించాలని ఆయనా, ఆయన తోటివాళ్లూ పట్టుబట్టారు. 1974లో పెద్ద రోడ్ల నడిమధ్యన బస్సులకి మాత్రమే దారి విడిచారు.

ఇప్పుడో చిన్న లెక్క చూద్దాం, పిల్లలూ. బస్సు ఆలస్యానికి ట్రాఫిక్ ఒక్కటే కారణం కాదు. మెట్లెక్కి, చిల్లర తీసి, టికెట్టు పుచ్చుకోవడానికి మనిషికి 3 సెకన్లనుకోండి. 40 మంది ఎక్కేసరికి 2 నిమిషాలు. కురిటిబా వాళ్లు 1991లో ఈ 2 నిమిషాల మీద పడ్డారు. గాజు గొట్టంలాంటి బస్‌స్టాపులు కట్టారు. సినిమా హాల్లోలాగా డబ్బు గుమ్మంలోనే కట్టాలి. లోపలి నేల సరిగ్గా బస్సు నేలంత ఎత్తు. బస్సు రాగానే తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి, మెట్లతో పనే లేదు. ముసలివాళ్లూ చక్రాల కుర్చీవాళ్లూ తేలిగ్గా బస్సెక్కొచ్చు. నాకు ఇదే గొప్పగా తోస్తుంది.

మరి ఇందులో అర్థశాస్త్రం ఎక్కడుందంటారా? బస్సు వెళ్లి రావడానికి 60 నిమిషాలు పట్టే రూట్లో 5 నిమిషాలకో బస్సు నడపాలంటే 12 బస్సులు కావాలి. అదే 45 నిమిషాల్లో తిరిగొస్తే 9 చాలు. మూడు బస్సుల ఖరీదు, డీజిలు, డ్రైవర్ల జీతం మిగిలినట్టే. 1992లో మూడు పెట్టెల బస్సు కూడా వచ్చింది, ఒక్కదాన్లో 270 మంది పడతారు.

అసలు కీలకం ఇళ్లలో ఉంది. ఎత్తైన భవనాలకి ఆ బస్సు దారుల వెంబడే అనుమతిచ్చారు. దూరం పోయేకొద్దీ ఎత్తు తగ్గాలన్నారు. దాంతో జనం స్టాపుకి నడిచి వెళ్లేంత దగ్గర్లోనే కాపురమున్నారు, బస్సులు ఖాళీగా తిరగలేదు. ఎంత దూరమైనా ఒకటే టికెట్టు పెట్టారు. దగ్గర దిగేవాళ్లు కట్టినదాంట్లో కొంత శివారు పేదల ప్రయాణానికి ఆసరా అయ్యింది.

ఇన్ని చేసినా అక్కడ కార్లు పెరగడం ఆగలేదు, ఊరు హద్దులు దాటింది, రద్దీ వేళ బస్సులు కిక్కిరిసిపోతున్నాయి. అయినా ఆ పద్ధతి 2000లో కొలంబియాలోని బొగోటాకీ, 2009లో అహ్మదాబాద్‌కీ చేరింది. విజయవాడ వాళ్లు రోజూ అనే బీఆర్‌టీఎస్ (బస్ ర్యాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్) రోడ్డు పేరు వెనక ఉన్నదీ ఈ ఆలోచనే. కానీ రోడ్డు ఒక్కటే వేస్తే సరిపోదు. స్టాపూ, టికెట్టూ, పక్కనున్న ఇళ్లూ కలిస్తేనే ఆ లెక్క కుదురుతుంది.

మీ ఊళ్లో కొత్త రోడ్డు వేస్తామని ఎవరైనా వస్తే, బస్సు ఎక్కడ ఆగుతుంది, ఆ స్టాపు పక్కన ఎన్ని అంతస్తులకి అనుమతిస్తారు అని తప్పకుండా అడగండి.